కంప్యూటర్‌లో ఆడే వీడియో టీవీలో ఎందుకు ఆడదు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వీడియో ఫైళ్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటిని ఎంచుకొని ఈసారి ఒకేచోట జవాబులు ఇస్తున్నాం. ఒక పరికరంలో ఆడిన వీడియో మరో పరికరంలో ఆడటం లేదన్నదే చాలా ఉత్తరాల సారాంశం. మొదటి జవాబులో చెప్పిన విషయాలను తర్వాతి వాటిలో మళ్లీ వివరించలేదు కాబట్టి, ముందు దాన్ని చదివాక మీ ఇబ్బందికి సంబంధించిన భాగానికి వెళ్లడం మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి పెళ్లి వీడియోలను స్టూడియోవారు పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. ల్యాప్‌టాప్‌లో అన్నీ ఆడుతున్నాయి. టీవీకి పెడితే హైలైట్స్, పూర్తి పెళ్లి వీడియో చక్కగా వస్తున్నాయి. విడిగా ఇచ్చిన కెమెరా ఫైళ్లలో కొన్నింటికి బొమ్మ వచ్చి మాట వినిపించడం లేదు. మరికొన్నింటిని ముట్టుకోగానే ‘ఈ ఫైలుకు సపోర్టు లేదు’ అని టీవీ చెబుతోంది. అన్ని పేర్లూ ఎంపీ4 అనే ముగుస్తున్నప్పుడు ఈ తేడా ఎందుకు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫైలు పేరు చివర ఉండే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంఓవీ అన్నవి వీడియోను పెట్టి ఇచ్చే పాత్రల పేర్లు మాత్రమే. క్యారియర్‌ను పైనుంచి చూసి ఏ గిన్నెలో ఏ కూర ఉందో చెప్పలేనట్లే, ఎంపీ4 అన్న మాట చూసి లోపలి బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో, శబ్దాన్ని ఏ పద్ధతిలో భద్రపరచారో చెప్పలేం. ఈ పాత్రను కంటైనర్ అనీ, కుదించే పద్ధతిని కోడెక్ అనీ అంటారు. ఒక్కో ఫైలులో సాధారణంగా బొమ్మకు ఒక కోడెక్, శబ్దానికి మరొక కోడెక్ ఉంటాయి. పాత్ర, బొమ్మ, శబ్దం ఈ మూడూ టీవీకి తెలిసినవైతేనే వీడియో పూర్తిగా ఆడుతుంది. శబ్దం కోడెక్ ఒక్కటే తెలియకపోతే చాలా టీవీలు బొమ్మను చూపిస్తూ మూగబోతాయి. బొమ్మ కోడెక్ తెలియకపోతే మొత్తానికే తిరస్కరిస్తాయి. మీ ఉత్తరంలోని రెండు రకాల ఇబ్బందులూ అచ్చంగా ఇవే.

బొమ్మ కోడెక్‌లలో నేడు ఎక్కువ పరికరాలకు తెలిసినది 2003లో ప్రమాణంగా వచ్చిన హెచ్.264. దీన్నే ఏవీసీ అని కూడా రాస్తారు. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్ఈవీసీ, అదే నాణ్యతను దాదాపు సగం పరిమాణంలో ఇవ్వగలదు గానీ పాత టీవీలకు అది తెలియదు. అయితే కోడెక్ పేరు కలిసినంత మాత్రాన పని అయిపోదు, ఎందుకంటే ఒకే కోడెక్‌లో స్థాయిలు ఉంటాయి. ఇళ్లలో చూసే వీడియోల్లో రంగు సమాచారాన్ని నాలుగు చుక్కలకు (పిక్సెళ్లకు) ఒకసారి మాత్రమే భద్రపరుస్తారు. దీన్ని 4:2:0 అంటారు. పెళ్లిళ్లకు తెచ్చే కెమెరాలు చాలావరకు 4:2:2 పద్ధతిలో, అంటే రెండు చుక్కలకు ఒకసారి రంగును రాసుకోగలవు. ఒక్కో రంగుకు మామూలు 8 బిట్ రికార్డింగులో 256 మెట్లు ఉండే చోట 10 బిట్ రికార్డింగులో 1024 మెట్లు ఉంటాయి. ఎడిటింగులో రంగులు సరిదిద్దేవారికి ఈ అదనపు సమాచారం ఎంతో అవసరం కాబట్టి స్టూడియోవారు అలా తీయడంలో తప్పేమీ లేదు. కాకపోతే టీవీలోని చిప్‌ను తయారు చేసింది 4:2:0 వీడియోల కోసం.

ల్యాప్‌టాప్‌లో అన్నీ ఆడటానికి కారణం అక్కడ ప్రాసెసరే లెక్కలు వేసి బొమ్మను విప్పగలగడం. ముఖ్యంగా వీఎల్‌సీ వంటి ప్లేయర్లు తమకు కావలసిన కోడెక్‌లన్నింటినీ వెంట తెచ్చుకుంటాయి. టీవీ ప్రాసెసరుకు అంత బలం ఉండదు. కోడెక్‌ను విప్పే పని చిప్‌లో విడిగా అచ్చుగుద్దిన భాగానిది, దానికి నేర్పని విద్యను తర్వాత అప్‌డేట్‌తో నేర్పడం సాధ్యం కాదు.

ఊహించడం మాని, మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో వేసుకొని ఒక్కో ఫైలును అందులో తెరవండి. ఆడుతున్న హైలైట్స్ ఫైలులో ఏవీసీ, 4:2:0, 8 బిట్స్ అనీ, ఆడియో వద్ద ఏఏసీ (ఇది ఒక శబ్దం కోడెక్) అనీ కనిపించవచ్చు. మాట రాని ఫైళ్లలో బొమ్మ వివరాలు అవే ఉండి, ఆడియో వద్ద పీసీఎం అని ఉండే అవకాశం ఎక్కువ. అది ఏమాత్రం కుదించని శబ్దం. కొన్ని కెమెరాలు దాన్ని ఎంపీ4లోనే పెట్టి ఇస్తాయి, చాలా టీవీలు ఎంపీ4లో దాన్ని ఆశించవు. మొత్తానికే ఆడని ఫైళ్లలో 4:2:2, 10 బిట్స్ అన్న మాటల కోసం చూడండి. టీవీ మాన్యువల్ చివర్లో ఏ కంటైనరులో ఏ కోడెక్, ఎంత రిజల్యూషన్, సెకనుకు ఎన్ని ఫ్రేముల వరకు ఆడుతుందో తెలిపే పట్టిక ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

స్టూడియోవారిని అడగవలసింది ఇది: చూసుకోవడానికి ఒక ప్రతి ఎంపీ4లో, హెచ్.264 కోడెక్, 8 బిట్, 4:2:0, 1920×1080 రిజల్యూషన్, ఏఏసీ స్టీరియో శబ్దంతో ఇవ్వమనండి. ఇంట్లో 4కే టీవీ ఉంటే హెచ్ఈవీసీలో 4కే ప్రతి కూడా అడగవచ్చు. కెమెరా ఫైళ్లను మాత్రం చెరపవద్దు. టీవీలో ఆడకపోయినా నాణ్యతలో అసలు ప్రతులు అవే. వాటిని ఒక హార్డ్ డిస్కులోకి, వీలైతే రెండింటిలోకి కాపీ చేసి దాచుకోండి.

ప్రశ్న: నా దగ్గరున్న ఎంకేవీ ఫైళ్లు మా పాత టీవీలో ఆడవు. కన్వర్టర్‌తో ఎంపీ4గా మారిస్తే గంటలు పట్టడమే కాక బొమ్మ మసకబారుతోంది. ఫైలు పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని రాస్తే చాలని మా ఆఫీసులో ఒకరు అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పేరు మార్చినంత మాత్రాన లోపల ఒక్క అక్షరం కూడా మారదు. అయినా ఒక్కోసారి ఈ చిట్కా పనిచేసినట్లు కనిపిస్తుంది. కొన్ని టీవీలు పేరు చూసి ఫైలును జాబితాలో చేర్చుకొని, తెరిచేటప్పుడు మాత్రం ఫైలు మొదట్లో ఉన్న గుర్తులను బట్టి అసలు రకాన్ని పోల్చుకుంటాయి. మీ సహోద్యోగి టీవీ అలాంటిదై ఉండవచ్చు. దాన్ని నమ్ముకొని ఫైళ్లన్నింటికీ పేర్లు మారిస్తే తర్వాత ఏది ఏదో తెలియక మీరే ఇబ్బంది పడతారు.

మీరు చేస్తున్న కన్వర్షన్ కూడా చాలా ఫైళ్లకు అనవసరం. 2002లో మొదలైన మ్యాట్రోస్కా ప్రాజెక్టు నుంచి వచ్చిన ఎంకేవీ పాత్రలో దాదాపు ఏ కోడెక్‌నైనా పెట్టవచ్చు. తరచుగా అందులో ఉండేది హెచ్.264 బొమ్మే. అంటే మీ టీవీకి బొమ్మ తెలుసు, పాత్ర తెలియదు. అప్పుడు బొమ్మను విప్పి మళ్లీ కుదించకుండా, ఉన్నది ఉన్నట్లుగా ఎంపీ4లోకి మార్చి పెడితే చాలు. ఈ పనిని రీమక్స్ అంటారు. ఇందులో జరిగేది దాదాపుగా ఫైలును కాపీ చేయడమే కాబట్టి నిమిషాల్లో పూర్తవుతుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. లాస్‌లెస్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇది సులువు. కమాండ్లు రాయడం అలవాటున్నవారికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది. చాలామంది వాడే హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ మంచిదే గానీ ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే అది బొమ్మను ప్రతిసారీ మళ్లీ కుదిస్తుంది. మీ బొమ్మ మసకబారడానికి కారణం అదే. ఈ కోడెక్‌లు కుదించే ప్రతిసారీ కొంత సమాచారాన్ని వదిలేస్తాయి, వదిలేసింది తిరిగి రాదు.

ఎంకేవీల్లో శబ్దం తరచుగా ఏసీ3 లేదా డీటీఎస్‌లో ఉంటుంది. డీటీఎస్‌కు లైసెన్సు రుసుము ఉండటంతో కొత్త టీవీల్లో సైతం కొన్ని దాన్ని వదిలేశాయి. అలాంటప్పుడు బొమ్మను అలాగే ఉంచి శబ్దాన్ని మాత్రం ఏఏసీకి మార్చితే సరిపోతుంది. ఇక బొమ్మ హెచ్ఈవీసీలో ఉండి మీ టీవీ దాన్ని విప్పలేనిదైతే మళ్లీ కుదించక తప్పదు. అప్పుడు హ్యాండ్‌బ్రేక్‌లో హెచ్.264ను ఎంచుకొని, నాణ్యత తెలిపే ఆర్ఎఫ్ అంకెను 20 నుంచి 22 మధ్య ఉంచండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలు పెద్దదవుతుంది. ఫ్రేమ్ రేటును ‘సేమ్ యాజ్ సోర్స్’ అని వదిలేయండి.

ప్రశ్న: 32 జీబీ పెన్ డ్రైవ్ ఖాళీగా ఉన్నా 5 జీబీ వీడియోను కాపీ చేయబోతే ఫైలు మరీ పెద్దదని చెబుతోంది. పెన్ డ్రైవ్ పాడైందా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పాడవలేదు. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది, ఆ పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి మించకూడదు. లోపల ఉన్నవన్నీ వేరేచోట దాచుకొని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఆ హద్దు పోతుంది. పాత టీవీలు, కార్ల మ్యూజిక్ సిస్టములు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తించవు. మీది అలాంటిదైతే ఫ్యాట్32ను అలాగే ఉంచి, లాస్‌లెస్‌కట్‌తో వీడియోనే రెండు ముక్కలు చేసుకోండి.

ప్రశ్న: మా పెళ్లి 1999లో రాజమండ్రిలో జరిగింది. వీడియో సీడీలు, తర్వాత తమ్ముడి పెళ్లి డీవీడీలు అమెరికా తెచ్చుకున్నాం గానీ ఇక్కడి డీవీడీ ప్లేయరులో సరిగా ఆడలేదు, అలాగే పెట్టెలో పెట్టేశాం. ఇప్పుడు పిల్లలకు ఫోన్లలో చూపించాలని ఉంది. ఎలా మార్చుకోవాలి? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ముందుగా, ఆలస్యం చేయవద్దు. స్టూడియోల్లో రాసి ఇచ్చిన సీడీ, డీవీడీల్లో సమాచారం రంగుపొర మీద ఉంటుంది, వేడికీ వెలుతురుకూ ఆ పొర ఏళ్లు గడిచేకొద్దీ చెడుతుంది. ఒక డిస్కు ఆడుతోందంటే మిగతావీ బాగున్నాయని అనుకోవడానికి లేదు.

అక్కడి ప్లేయరులో ఆడకపోవడానికి కారణం భారతదేశంలో పాల్, అమెరికాలో ఎన్టీఎస్‌సీ టీవీ పద్ధతులు ఉండటం. మన డీవీడీల్లో బొమ్మ 720×576 చుక్కలతో సెకనుకు 25 ఫ్రేములుగా ఉంటుంది. అమెరికా డీవీడీలు 720×480, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. అక్కడి పాత ప్లేయర్లలో చాలా వాటికి రెండోది ఒక్కటే తెలుసు. కంప్యూటరుకు ఈ పట్టింపు లేదు కాబట్టి, యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి కొనుక్కుంటే మీ పని మొదలుపెట్టవచ్చు.

వీడియో సీడీని తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులో డ్యాట్ అని ముగిసే ఫైలు ఉంటుంది. అందులో ఉన్నది 1990ల నాటి ఎంపెగ్-1 బొమ్మ, 352×288 చుక్కలు మాత్రమే. వీఎల్‌సీలో నేరుగా ఆడుతుంది. గీతలు పడిన డిస్కు నుంచి కాపీ చేసేటప్పుడు విండోస్ మధ్యలో ఆగిపోతే ఆశ్చర్యపోకండి: ఎక్కువ వీడియో పట్టాలని, మామూలు డేటా సీడీలో ఉండే తప్పుల దిద్దుబాటులో ఒక అంచెను వీడియో సీడీలో వదిలేశారు. డిస్కును మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడిచి, వేరే డ్రైవులో ప్రయత్నించండి. ఒక డ్రైవు చదవలేనిది మరొకటి చదవడం మామూలే.

డీవీడీలో వీడియో_టీఎస్ ఫోల్డరు ఉంటుంది. అందులోని వీఓబీ ఫైళ్లను ఒక్కొక్కటిగా కాపీ చేసి, ఒక్కొక్కటిగా ఫోనుకు మార్చడం చాలామంది చేసే పని. డీవీడీ నియమం ప్రకారం ఏ వీఓబీ అయినా 1 జీబీకి మించకూడదు, అందువల్ల లోపల ఏ తంతు జరుగుతోందన్నది చూడకుండా ఫైలు అక్కడితో తెగిపోతుంది. తలంబ్రాల దోసిలి పైకెత్తడం ఒక ఫైలు చివర, అక్షింతలు రాలడం తర్వాతి ఫైలు మొదట వస్తాయి. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ ఈ ముక్కలను డీవీడీలోని క్రమంలోనే కలిపి, బొమ్మను మళ్లీ కుదించకుండా ఒకే ఎంకేవీగా ఇస్తుంది. దాన్నే మీ అసలు ప్రతిగా దాచుకోండి.

ఫోను కోసం ఆ ఎంకేవీ నుంచి హ్యాండ్‌బ్రేక్‌తో హెచ్.264 ఎంపీ4 తయారు చేయండి. ఇక్కడ మళ్లీ కుదించడం సమంజసమే, ఎందుకంటే డీవీడీలోని ఎంపెగ్-2 బొమ్మను ఫోన్లు నేరుగా ఆడించవు. ఒక జాగ్రత్త: ఆ కాలపు కెమెరాలు ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా రెండు విడతల్లో తీసేవి. దాన్ని అలాగే వదిలేస్తే చేతులు కదిలిన చోటల్లా అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఫిల్టర్స్ పేజీలో డీఇంటర్‌లేస్‌ను ఆన్ చేస్తే అది పోతుంది. 1080కి పెంచమని మాత్రం ఒత్తిడి చేయకండి, లేని వివరాలు రావు, ఫైలు లావెక్కుతుంది. కృత్రిమ మేధతో ‘4కే’ చేసి ఇస్తామనే ప్రకటనలు చూస్తున్నాం గానీ, అవి ముఖాలకు తమ ఊహను పూసి నున్నగా చేస్తాయి. వెళ్లిపోయిన పెద్దవాళ్ల ముఖాల విషయంలో ఆ పని ఎవరూ కోరుకోరనుకుంటాం.

ప్రశ్న: నా ఐఫోన్‌లో తీసిన వీడియోలను స్నేహితుడి విండోస్ ల్యాప్‌టాప్‌లో వేస్తే శబ్దం వస్తోంది, బొమ్మ రావడం లేదు. డబ్బు కట్టి కోడెక్ కొనమంటోంది. – ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి, ఆ సామర్థ్యం ఉన్న ఐఫోన్లు వీడియోను హెచ్ఈవీసీలో తీస్తున్నాయి. ఆ కోడెక్ పేటెంట్లు అనేక సంస్థల చేతుల్లో ఉన్నాయి, రుసుము చెల్లించవలసి ఉంటుంది. విండోస్ తన ప్లేయరుకు కావలసిన హెచ్ఈవీసీ ఎక్స్‌టెన్షన్‌ను కొద్దిపాటి ధరకు విడిగా అమ్మడానికి నేపథ్యం అది. మీ స్నేహితుడు వీఎల్‌సీ వేసుకుంటే కొనవలసిన అవసరం లేదు. ఉచిత కోడెక్ ప్యాక్ అంటూ తెలియని సైట్లు ఇచ్చేవి మాత్రం వద్దు, వైరస్‌లు కంప్యూటర్లలోకి చొరబడటానికి అది పాత దారి. సొంత వీడియోలను ఆన్‌లైన్ కన్వర్టర్ సైట్లకు ఎక్కించడం కూడా మంచిది కాదు, అవి ఎవరి సర్వరులో ఎంతకాలం ఉంటాయో మీ చేతిలో ఉండదు.

ఇకపై తీసేవాటికి ఫోను సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ లోకి వెళ్లి ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే హెచ్.264లో రికార్డు అవుతుంది. ఫైళ్లు పెద్దవవుతాయి, సెకనుకు 60 ఫ్రేముల 4కే రికార్డింగ్ అందుబాటులో ఉండదు. మా సలహా అడిగితే హెచ్ఈవీసీనే ఉంచుకోమంటాం. ల్యాప్‌టాప్‌కు ఒక ప్లేయరు వేసుకోవడం, ఫోనులో స్థలం కోల్పోవడం కంటే తేలిక.

ప్రశ్న: మా పాఠశాల పిల్లలు తీసిన లఘుచిత్రానికి తెలుగు సబ్‌టైటిళ్లు ఎస్ఆర్‌టీ ఫైలుగా రాశాను. ఇంట్లో బాగున్నాయి, స్కూలు టీవీలో అక్షరాల బదులు ఏవేవో గుర్తులు వస్తున్నాయి. – ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం

జవాబు: గుర్తులను బట్టి కారణం తెలుస్తుంది. వరుసగా ప్రశ్నార్థకాలే వస్తుంటే ఫైలును నోట్‌ప్యాడ్‌లో యాన్సీ పద్ధతిలో సేవ్ చేసినట్లు. అందులో తెలుగు అక్షరాలు పోయాయి, మళ్లీ టైపు చేసి యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి. ఆంగ్ల ‘ఏ’ అక్షరం మీద వాలుగీత, పక్కనే డిగ్రీ గుర్తు పదే పదే కనిపిస్తుంటే ఫైలు బాగానే ఉంది, టీవీ దాన్ని యూటీఎఫ్-8గా చదవడం లేదు. టీవీ సబ్‌టైటిల్ సెట్టింగ్స్‌లో ఎన్‌కోడింగ్‌ను మార్చి చూడండి. ఖాళీ గళ్లు వస్తుంటే టీవీలో తెలుగు ఫాంటే లేదు. ఫాంటు ఉన్నా కొన్ని టీవీలు ఒత్తులను కిందికి చేర్చలేక పక్కన పెడతాయి.

ఆఖరి రెండు సందర్భాల్లో వేరే టీవీ వెతకడం కంటే, అక్షరాలను బొమ్మలోనే శాశ్వతంగా అచ్చు వేయించడం మేలు. హ్యాండ్‌బ్రేక్‌లో ఎస్ఆర్‌టీని జతచేసి ‘బర్న్ ఇన్’ గుర్తు పెడితే సరి. ముందు ఒక నిమిషం ముక్కకు చేసి చూసి, ఒత్తులూ సంయుక్తాక్షరాలూ సరిగా పడ్డాయని తేలాక మొత్తం చిత్రానికి చేయండి. ప్రదర్శనకు వెళ్లేది అచ్చువేసిన ప్రతే అయినా, సబ్‌టైటిళ్లు లేని ప్రతిని విడిగా ఉంచుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్ పాఠం రికార్డు చేస్తుండగా కరెంటు పోయింది. ఎంపీ4 ఫైలు 2 జీబీ ఉంది గానీ ఏ ప్లేయరులోనూ తెరుచుకోవడం లేదు. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఏ ఫ్రేము ఫైలులో ఎక్కడ ఉందో తెలిపే సూచికను ఎంపీ4 సాధారణంగా రికార్డింగ్ ఆపిన తర్వాతే రాసుకుంటుంది. మీ ఫైలులో పాఠం ఉంది, సూచిక లేదు. అదే సాఫ్ట్‌వేర్‌తో, అవే సెట్టింగులతో మరో చిన్న వీడియో రికార్డు చేసి, దాన్ని నమూనాగా ఇస్తే అన్‌ట్రంక్ వంటి సాధనాలు సూచికను తిరిగి కట్టడానికి ప్రయత్నిస్తాయి. చాలాసార్లు ఎక్కువ భాగం దక్కుతుంది, ఒక్కోసారి శబ్దం కాస్త వెనకబడుతుంది. ప్రయత్నాలన్నీ ఫైలు నకలు మీదనే చేయండి. కెమెరా కార్డులో ఇలా జరిగితే ఆ కార్డు మీద ఇంకేమీ రికార్డు చేయకుండా ముందు బయటికి తీయాలి.

ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసేవారు సెట్టింగ్స్‌లో రికార్డింగ్ ఫార్మాట్‌ను ఎంకేవీగా మార్చుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది, ఎందుకంటే మధ్యలో ఆగిన ఎంకేవీ ఆగిన చోటు దాకా ఆడుతుంది. పాఠం అయ్యాక అదే ఓబీఎస్ ఫైల్ మెనూలోని ‘రీమక్స్ రికార్డింగ్స్’తో ఎంపీ4గా మార్చుకొని పిల్లలకు పంపవచ్చు.